తమిళం రాకుండా చెన్నై వీధుల్లో ఫోటోలు తీయడం గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఖమ్మం నుంచి ఉద్యోగానికి చెన్నై వచ్చి ఆరు నెలలైంది. షోలింగనల్లూరులో ఆఫీసు, అక్కడే గది. ఆదివారాలు కెమెరా తీసుకుని బయల్దేరుతారు కానీ తమిళం రాదు. పారిస్ కార్నర్ దగ్గర ఒక దుకాణం ఆయన మీ మీద గట్టిగా అరిచాడు. ఏమన్నాడో అర్థం కాలేదు, చుట్టూ ఉన్నవాళ్లందరూ మిమ్మల్నే చూశారు. అప్పట్నుంచి కెమెరా సంచిలోంచి తీయాలంటే టెన్షన్. దూరం నుంచి జూమ్‌తో తీయొచ్చా, చట్టం ఏమంటుంది, ఏ లెన్సు కొనాలి, అసలు మనది కాని ఊరిని మనం ఇలా తీయడం సబబేనా అని నాలుగు ప్రశ్నలు వేశారు.

నేను 2011లో పెళ్లయి ఒంగోలు నుంచి వెస్ట్ మాంబళం వచ్చాను. మా ఆయన పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రి తొమ్మిదింటికి వచ్చేవారు. నాకు తమిళంలో పాలు, పెరుగు, కరివేపాకు అడగడం తప్ప ఏమీ రాదు. ఇంట్లో కూర్చోలేక, మా నాన్న ఇచ్చిన కెమెరా పట్టుకుని వీధిలోకి వెళ్లడం మొదలుపెట్టాను. మీరు చెప్పిన ఆ వణుకు నాకు రెండేళ్లు ఉంది. అది తమిళం నేర్చుకున్నంత మాత్రాన పోలేదు. కొత్త లెన్సు కొన్నా పోలేదు.

చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, ఎందుకంటే మిగతా మూడింటికీ దారి అందులోనే ఉంది. మనది కాని ఊరిని తీయొచ్చా? తీయొచ్చు. ఒక పూట చూసిపోవడానికి వచ్చినవాళ్లు మెరీనా, కపాలీశ్వరుడి గోపురం, పూల బుట్టలు తీసుకుని వెళ్లిపోతారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు వీధి పంపు దగ్గర రంగురంగుల ప్లాస్టిక్ బిందెల వరుస, గోడల నిండా నాయకుల బొమ్మలు, గుమ్మం ముందు ముగ్గు అసలు కంటికి ఆనవు. మీకు అవన్నీ ఇంకా కొత్తగానే కనిపిస్తున్నాయి. పైగా వచ్చే ఆదివారం కూడా మీరు ఇక్కడే ఉంటారు. అలా కొత్తగా చూసే కన్ను కొన్నాళ్లకు పోతుంది, నాకు ఏడాదిన్నరలో పోయింది. కాబట్టి ఇప్పుడు వింతగా అనిపించిన ప్రతిదీ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. మళ్లీ రావడానికి వచ్చే ఆదివారం మాత్రం మీరు ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఉంటుంది. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

మనది కాని ఊరు అన్నారు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఈ నేల ఇచ్చినవాళ్లు దామెర్ల నాయక సోదరులు, తెలుగువాళ్లే. చెన్నపట్నం అనే పేరు వాళ్ల తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీద వచ్చిందని చెబుతారు. టి. నగర్‌లో టి అంటే పిట్టి త్యాగరాయ చెట్టి గారు. అక్కడి పానగల్ పార్కు పానగల్ రాజా రామరాయణింగారి పేరు. పారిస్ కార్నర్ దగ్గరి పాత బ్రాడ్‌వే ఇప్పుడు ప్రకాశం శాలై, మన టంగుటూరి ప్రకాశం గారి పేరు మీద. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచిన ఇల్లు ఉంది. ఊరి మీద హక్కు చూపించడానికి ఇవన్నీ చెప్పడం లేదు. వీధిలో మీకు ఎదురయ్యే మనుషుల్లో చాలామంది తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లేనని మీకు తెలియాలి. మా వీధి చివర ఇస్త్రీ బండి పెద్దాయన్ని నేను ఎంతో కష్టపడి తమిళంలో "ఫోటో ఎడుక్కలామా" అని అడిగితే, పెట్టె పక్కన పెట్టి, "ఎడుక్కోమ్మా, మాదీ తెలుగే, మా జేజి నెల్లూరు పక్కనుంచి వచ్చిందంట" అన్నాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. మా అమ్మ మాట్లాడే మాటలు మాత్రం ఆయన నోట్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆయన్ని ఇప్పటికి కొన్ని వందల సార్లు తీసి ఉంటాను.

ఇక ఆ అరుపు సంగతి. పారిస్ కార్నర్, సౌకార్‌పేట వైపు దుకాణాల్లో సగం సరుకు ఫుట్‌పాత్ మీదే ఉంటుంది. కెమెరా పట్టుకున్న మనిషి కనిపిస్తే వాళ్లకు ముందు గుర్తొచ్చేది కార్పొరేషన్. ఈ ఫోటో ఎక్కడికి పోతుంది, రేపు ఎవరొచ్చి సరుకు ఎత్తుకుపోతారు, టీవీవాళ్లు ఏమని చూపిస్తారు అన్నది వాళ్ల భయం. ఆ భయం అరుపుగా బయటకు వస్తుంది. మీరు తమిళం రానివాళ్లు కాబట్టి అరిచాడని అనుకోకండి. అక్కడ తమిళుడు కెమెరా ఎత్తినా అరుస్తారు. ఇది అర్థమయ్యాక నాకు సగం వణుకు తగ్గింది, ఎందుకంటే కోపానికి జవాబు చెప్పడం నాకు చేతకాదు కానీ భయపడే మనిషితో మాట్లాడగలను.

జూమ్ విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది: వద్దు. నా మొదటి ఏడాది మొత్తం 70-300 ఎంఎం జూమ్ లెన్సుతోనే గడిచింది. ప్రకాశం శాలైలో బస్టాపు నీడలో నిలబడి, రోడ్డుకు అవతల మూటలు దించేవాళ్లను తీసేదాన్ని. ఒకరోజు వాళ్లలో ఒకాయన మూట కింద పెట్టి, అంత ట్రాఫిక్కూ దాటుకుని నా దగ్గరకు వచ్చి, "ఎదుక్కుమ్మా?" అని అడిగాడు. ఎందుకమ్మా అని. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నాకు తెలిసిన ఒకే ఒక్క జవాబు "సుమ్మా" అన్నాను, అంటే ఊరికే అని. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి ఆ రోజు తీసినవన్నీ తెరిచి చూశాను. అన్నీ పక్కకు తిరిగిన ముఖాలే. వెనకనున్న గోడా మనిషీ ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు ఉన్నాయి. నేను ఆ వీధిలో ఉన్నట్టు ఏ ఒక్క ఫోటోలోనూ తెలియడం లేదు. దొంగచాటుగా తీసినవి అలాగే ఉంటాయి. ఆ జూమ్ మళ్లీ వీధిలోకి తీసుకెళ్లలేదు.

కనిపించకుండా తీయడమే వీధి ఫోటోగ్రఫీ అని చాలామంది అంటారు. దానికి ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెస్సాన్ గారిని ఉదాహరణ చెబుతారు. ఆయన చిన్న లైకా కెమెరా మీద మెరిసే భాగాలకు నల్ల టేపు వేసుకునేవారన్నది నిజమే. 1950 ఏప్రిల్‌లో ఆయన మనకు దగ్గర్లోనే ఉన్న తిరువణ్ణామలైలో ఉన్నారు, రమణ మహర్షి చివరి రోజుల్లో తీసిన ఫోటోలు ఆయనవే. భాష రాని విదేశీయుడు ఇంత దగ్గరగా ఎలా చూడగలిగాడా అని ఆ ఫోటోల ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. కానీ ఆయన ఊరి నుంచి ఊరికి, దేశం నుంచి దేశానికి వెళ్తూ ఉండే మనిషి. మీకు గది అద్దె ఇక్కడే, కూరగాయలు ఇక్కడే. ఒకసారి కనిపించకుండా తీయొచ్చు, అదే వీధిలో పదోసారి అలా తీయలేరు. కాబట్టి దాక్కోవడం నేర్చుకోకండి, కనబడడం నేర్చుకోండి. కెమెరా సంచిలో పెట్టుకోవద్దు, మెడలో వేసుకుని నడవండి. దేన్నైనా తీశాక ముఖం పక్కకు తిప్పుకోవద్దు. ఎదుటివాళ్లు చూస్తే మీరూ చూసి తల ఊపండి.

ఒక్క వీధి ఎంచుకోండి. ఊరంతా తిరగాలన్న ఆశ సహజమే, నాకూ ఉండేది. మీకు మైలాపూర్ వీలు. మీ ఆఫీసున్న ఓఎంఆర్ రోడ్డు నుంచి తిరువాన్మియూర్ దాకా బస్సు, అక్కడ ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు ఎక్కితే తిరుమయిలై స్టేషన్‌లో దిగొచ్చు, అక్కడ్నుంచి మాడ వీధులు నడక దూరమే. వరుసగా ఎనిమిది ఆదివారాలు అదే వీధికి వెళ్లండి. మొదటి రెండు వారాలు పెద్దగా ఏమీ రాదు. నాకేం జరిగిందో చెబుతాను.

ఉత్తర మాడ వీధి మూల మీద పూలమ్మే ఒక అక్కను అడిగి తీశాను. తర్వాతి ఆదివారం ఆ ఫోటో ప్రింటు వేయించి తీసుకెళ్లి ఇచ్చాను. చాలాసేపు చూసి, ముఖం ముడుచుకుని, చెవులు చూపించింది. ఆ రోజు కమ్మలు పెట్టుకోలేదట, కమ్మలు లేకుండా తీశావేంటని కోపం. మూడో ఆదివారం కమ్మలు పెట్టుకుని, పట్టు అంచు చీర కట్టుకుని, నిటారుగా కూర్చుని తీయమంది. తీశాను. వీధి ఫోటోగా చూస్తే అందులో ఏమీ లేదు, కానీ అది ఆమెకు కావలసిన ఫోటో. అది కూడా ప్రింటు వేయించి ఇచ్చాను. అయిదో ఆదివారం నేను వెళ్లేసరికి ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి మనవణ్ణి తిడుతూ, చేతులు మాత్రం తమ పని తాము చేసుకుంటున్నట్టు మల్లెపూలు కడుతోంది. నన్ను చూసి కళ్లతోనే పలకరించి మళ్లీ తిట్టడంలో పడిపోయింది. నేను రెండడుగుల దూరంలో కూర్చుని పదకొండు ఫోటోలు తీశాను. ఆ వీధిలో నేను తీసిన వాటిలో మంచి ఫోటో అంటే ఆ పదకొండులో ఏడోది. దానికి ముందు ఆమెకిచ్చిన రెండు ప్రింట్లు లేకపోతే అది లేదు.

అందుకే లెన్సు డబ్బు ప్రింట్ల మీద పెట్టండి అంటాను. 4×6 ప్రింటు పది ఇరవై రూపాయల్లో అవుతుంది. వాట్సాప్‌లో పంపిస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. ఫోన్‌లో పంపినది ఇంకో వంద ఫోటోల కింద పడిపోతుంది, పైగా ముక్కూమొహం తెలియని మనిషికి నంబరు ఇవ్వాలంటే ఆడవాళ్లకు ఇబ్బంది. కాగితం మీదిచ్చిన ఫోటోను పక్క దుకాణంవాళ్లకు చూపిస్తారు. ఆ పక్క దుకాణంవాళ్లు మిమ్మల్ని పిలిచి మాదీ తీయమంటారు. నాకు సౌకార్‌పేటలో తలుపులు తెరుచుకున్నది సరిగ్గా ఇలాగే, ఒక టీకొట్టు అద్దానికి అతికించిన ప్రింటు వల్ల.

మాటలు ఎక్కువ అక్కర్లేదు. "అణ్ణా, ఒరు ఫోటో ఎడుక్కలామా?" అంటే అన్నా, ఒక ఫోటో తీయొచ్చా అని. ఆడవాళ్లయితే అక్కా, పెద్దవాళ్లయితే అమ్మా, అయ్యా. "వేండాం" అంటే వద్దు. ఆ మాట వినగానే కెమెరా కిందికి దించి "సరి అణ్ణా" అనండి, రెండోసారి అడగొద్దు. "ఎదుక్కు?" అని అడిగితే నాలాగా సుమ్మా అనకండి. "ఇంద తెరువు రొంబ పిడిక్కుం, అడుత్త వారం ప్రింట్ తరేన్" అనండి, ఈ వీధి నాకు చాలా ఇష్టం, వచ్చే వారం ప్రింటు ఇస్తాను అని. ఇచ్చి తీరాలి మరి. ఎవరైనా కోప్పడితే "మన్నిచ్చుక్కోంగ, డిలీట్ పణ్ణిడరేన్" అని వాళ్ల కళ్ల ముందే తీసేయండి. ఏ ఫోటో కోసమూ గొడవ పడే పని లేదు. "తమిళ్ కొంజం దాన్ తెరియుం" అన్నారంటే చాలామంది ముఖం మారుతుంది, మీకు ఒక మాట నేర్పడానికే చూస్తారు. భాష రాకపోవడం అప్పుడు మీకు అడ్డం కాదు, మాట కలవడానికి దారి అవుతుంది.

అన్నిసార్లూ ముందే అడిగితే సహజంగా ఉండదు కదా అని మీకు అనిపిస్తుంది. నిజమే, నేనూ అన్నిసార్లూ అడగను. గుంపును, నడిచిపోయేవాళ్లను, వీధి మొత్తాన్ని తీసేటప్పుడు అడగను. ఒక్క మనిషి ముఖమే ఫోటో అయినప్పుడు, లేదా ఆ మనిషి తన ఇంటి గుమ్మంలో, తన బండి దగ్గర ఉన్నప్పుడు అడుగుతాను. మార్గళి నెలలో, అంటే డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా, తెల్లవారకముందే వాకిళ్లలో పెద్ద ముగ్గులు వేస్తారు. తీయడానికి అందరూ ఎగబడతారు. కానీ అయిదింటికి నైటీలో, తడి జుట్టుతో వాకిట్లో వంగి ఉన్న ఆడమనిషి తన ఇంట్లో ఉన్నట్టే లెక్క. అక్కడ నేను ఆడదాన్ని కాబట్టి నవ్వి పక్కన కూర్చోగలిగాను. మీకు ఆ వీలు లేదు, అది ఒప్పుకోండి. ముగ్గు పూర్తయి ఆమె లోపలికి వెళ్లాక, ఆ ముగ్గు పక్కనుంచి సైకిల్ మీద పాలు తెచ్చేవాళ్ల కోసం చూడండి.

నిద్రపోయేవాళ్లను, తాగి పడిపోయినవాళ్లను, అడుక్కునేవాళ్లను తీయొద్దు. ఇది చట్టం చెప్పింది కాదు, నా తప్పు వల్ల నేర్చుకున్నది. 2014లో ఒక ఫ్లైఓవర్ కింద మధ్యాహ్నం పూట పడి నిద్రపోతున్న ముసలాయన్ని తీశాను. ముఖం మీద ఎండ గీత, పక్కన ఖాళీ చెప్పులు. ఫేస్‌బుక్‌లో పెడితే చాలామంది మెచ్చుకున్నారు. రెండు వారాల తర్వాత అక్కడి టీకొట్టు ఆయన నన్ను పిలిచి, తన ఫోన్‌లో ఆ ఫోటో చూపించి, "వీళ్లబ్బాయి చూశాడు, ఏడ్చాడు" అన్నాడు. ఆ పెద్దాయన కొడుకు దగ్గరే ఉంటాడట, మధ్యాహ్నం ఇంట్లో కరెంటు పోతే ఇక్కడికొచ్చి గాలికి పడుకుంటాడట. నా ఫోటో కింద అందరూ అనాథ, దిక్కులేనివాడు అని రాశారు. నేను ఆ మాట రాయలేదు, కానీ అలా అనిపించేలా తీసింది నేనే. ఆ రోజే తీసేశాను. ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పే అవకాశం నాకు దొరకలేదు.

పిల్లల విషయంలో పెద్దవాళ్లు పక్కనుంటే వాళ్లనడిగి తీయండి. పెద్దవాళ్లు లేకపోతే కెమెరా దించేయండి, పిల్లలే తీయమని మీద పడినా సరే.

చట్టం గురించి నాకు తెలిసినంత చెబుతాను. బహిరంగ ప్రదేశంలో ఫోటో తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టం మన దేశంలో లేదు. కానీ 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ ఆడవాళ్లను ఏకాంతంలో ఉన్నప్పుడు చాటుగా చూడడం, తీయడం గురించి, 78 వెంటపడడం గురించి, 79 ఆడవాళ్లను కించపరిచే మాటలు, చేష్టలు, వాళ్ల ఏకాంతంలోకి చొరబడడం గురించి. వద్దన్నాక కూడా ఒకామె వెనకే నడిచి తీస్తే అది ఫోటోగ్రఫీ అనిపించుకోదు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. సైనిక ప్రాంతాలు, నిషేధిత స్థలాలకు 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉంది, కాబట్టి సచివాలయం ఉన్న సెయింట్ జార్జ్ కోట చుట్టూ, హార్బర్ గేట్ల దగ్గర, విమానాశ్రయం దగ్గర కెమెరా ఎత్తేముందు బోర్డులు చూడండి. గుళ్లలోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్లకూడదని 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆదేశించింది, కాబట్టి గోపురం దాటాక కెమెరా సంగతి మర్చిపోండి. ట్రైపాడ్ వేయొద్దు, వేశారంటే షూటింగ్‌కు పర్మిషన్ ఏదని అడుగుతారు. పోలీసులు అడిగితే గుర్తింపు కార్డు, తీసిన ఫోటోలు చూపించండి. దాచుకునేది ఏమీ లేకపోతే రెండు నిమిషాల్లో పంపిస్తారు.

చట్టం కంటే నాకు ఎక్కువ ఇష్టమైన సంగతి వెలుతురు. చెన్నై సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఇంకోసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబడ్డ స్తంభానికి నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య, ముందూ వెనకా కూడా, మధ్యాహ్నపు ఎండ పైనుంచి నిట్టనిలువుగా పడి కళ్ల గుంటలు నల్లగా అయిపోతాయి. తొమ్మిదిన్నర దాటాక బయట ముఖాలు తీయడం వృథా ప్రయాస. అప్పుడు దుకాణాల ముందు కట్టే నీలం, పసుపు టార్పాలిన్ల కిందికి వెళ్లండి, రంగు వెలుతురు మెత్తగా పడుతుంది. సాయంత్రం కూడా ఎక్కువ సమయం ఉండదు. పొద్దు గుంకిన ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో చీకటి పడిపోతుంది.

మన సముద్రం తూర్పున ఉంది. మెరీనాలో పొద్దున సముద్రం వైపు చూసేవాళ్ల ముఖం మీద నేరుగా ఎండ పడుతుంది. సాయంత్రం అదే మనుషులకు వెలుతురు ఊరివైపు నుంచి, వీపు మీద. సాయంత్రం ముఖాలు కావాలంటే మీరు ఊరివైపు ఇసుకలో నిలబడి సముద్రం వైపు తిరగాలి. అలలకు భయపడి వెనక్కి పరుగెత్తే పిల్లల ముఖాలు అప్పుడు బంగారంలా ఉంటాయి. జార్జ్ టౌన్‌లో తంబు చెట్టి వీధి, లింగి చెట్టి వీధి, మింట్ స్ట్రీట్ ఇవన్నీ ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. పొద్దున్నే అక్కడ వీధంతా నీడే, అడ్డవీధి కలిసే చోట మాత్రం తూర్పు నుంచి ఒక ఎండ పట్టీ రోడ్డుకు అడ్డంగా పడుతుంది. ఆ పట్టీ పక్కన గోడకు ఆనుకుని అరగంట నిలబడండి. తోపుడు బండి, బిందె, బడిపిల్ల, అన్నీ ఆ వెలుతురులోకి వాటంతటవే నడిచొస్తాయి. పొడుగు నీడలు కావాలంటే తూర్పు పడమరలుగా ఉండే ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డుకు వెళ్లండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న నల్లటి మనిషిని తీస్తే కెమెరా ఆ తెలుపును చూసి ఫోటోను చీకటి చేస్తుంది, ముఖం బొగ్గులా అవుతుంది. ఎండలో కాకుండా నీడ అంచున నిలబెట్టి, ముఖానికి వెలుతురు కొలిచి, రా ఫైలులో (తర్వాత వెలుతురు సరిదిద్దుకోవడానికి వీలిచ్చే ఫైలు) తీయండి. ఫోన్‌తో తీసేటట్టయితే ముఖాలను తెల్లబరిచే సెట్టింగ్ ఏదున్నా ఆపేయండి. మన మనుషుల రంగును మార్చి చూపించే ఫోటో నాకు అబద్ధంగా అనిపిస్తుంది, ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

లెన్సు కొనకండి. కెమెరాతో పాటు వచ్చిన మీ 18-55 కిట్ లెన్సు చాలు. 23 ఎంఎం దగ్గర పెట్టి, కదలకుండా రింగు మీద టేపు వేసేయండి. అపర్చర్ ఎఫ్ 8, షట్టర్ 1/250 సెకను, ఐఎస్ఓ ఆటో. రెండున్నర మీటర్ల దూరంలో ఉన్న దేనిమీదైనా ఒకసారి ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చేయండి. రెండు ఆటోలు పక్కపక్కన ఆగితే ఉండే వెడల్పు దాదాపు అంతే, కంటికి కొలత అలా గుర్తుపెట్టుకోండి. అప్పుడు ఒకటిన్నర మీటరు నుంచి ఎనిమిది మీటర్ల దాకా అంతా స్పష్టంగా ఉంటుంది, ఫోకస్ కోసం ఆగే పనే లేదు. ఏసీ గదిలోంచి నేరుగా వీధిలోకి వస్తే ఈ ఉక్కకు లెన్సు మీద ఆవిరి పడుతుంది, కాబట్టి బయల్దేరేముందు అరగంట కెమెరాను సంచిలోనే గట్టిగా మూసి ఏసీ లేని గదిలో ఉంచండి. ఇంట్లో మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. మా నాన్న ఇచ్చిన లెన్సు లోపల బూజు పట్టి పాడైపోయింది, అది నాకు ఇప్పటికీ బాధే.

మైలాపూర్ అలవాటయ్యాక వేరే సందర్భాలు, వేరే చోట్లు చూడొచ్చు. మైలాపూర్‌లోనే కపాలీశ్వరుడి గుడి పంగుణి ఉత్సవంలో, మార్చి ఏప్రిల్‌లలో, ఏడో రోజు తేరు, ఎనిమిదో రోజు అరవై ముగ్గురు నాయనార్ల ఊరేగింపు. ఆ జనంలో కెమెరాను ఎవరూ పట్టించుకోరు, భయం పోగొట్టుకోవడానికి అంతకంటే మంచి రోజు లేదు. పల్లకీలను అందరూ తీస్తారు. మీరు పల్లకీకి వీపు పెట్టి చూసేవాళ్లను తీయండి, వీధుల్లో మజ్జిగ, పానకం పంచేవాళ్లను తీయండి. కాశిమేడు చేపల రేవుకు ఆదివారం తెల్లవారుజామున ఊరంతా కెమెరాలతో వస్తుంది. నా మాట వింటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వెళ్లండి. ఆ 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. వేలం సందడి ఉండదు కానీ పడవలకు రంగులు వేస్తూ, వలలు బాగుచేస్తూ కూర్చుని ఉంటారు. మాట్లాడే తీరిక ఉంటుంది, పక్కన కూర్చోనిస్తారు. ఆదాయం లేని రోజులవి, అది గుర్తుపెట్టుకుని మాట్లాడండి.

మీ మీద అరిచిన ఆ దుకాణం దగ్గరకు కూడా వెళ్లాలి. కెమెరా గదిలో పెట్టి వెళ్లండి. ఏదో ఒక చిన్న వస్తువు కొనండి, ధర అడగండి, "తమిళ్ కొంజం దాన్ తెరియుం" అనండి. ఆ తర్వాతి వారం ఇంకోసారి. మూడోసారి కెమెరా మెడలో వేసుకుని వెళ్లి, ముందు ఆయనకు మైలాపూర్ ప్రింట్లు నాలుగు చూపించండి, ఆ తర్వాత అడగండి. అప్పుడూ వేండాం అంటే సరి అణ్ణా అని పక్కనున్న కొట్లో టీ తాగండి. ఆ టీకొట్టు ఆయన ఆ నాలుగు ప్రింట్లూ ఇలా ఇవ్వమని చెయ్యి చాపుతాడు.